కొట్టములోని దుమ్ము ఎవరి పాలు?

మన సహకార సంఘములవారు వేరుసెనగ కాయలాడించు యంత్రమును గూర్చి మాటలాడుకొనునప్పుడెల్ల మూడు సంగతులు తప్పక చర్చకు వచ్చుచుండును. గంటకు ఎన్ని బస్తాలు దిగును, నూటికి ఎన్ని గింజలు విరుగును, నెల కడపట కరెంటు బిల్లు ఎంతయగును. ఈ మూడును తేలినచో సభ ముగిసినట్లే. ఆ యంత్రము చుట్టును లేచు దుమ్మును గూర్చి ఒక్క సభ్యుడైనను ప్రశ్న వేయగా మేము వినియుండలేదు. ఇందుకు కారణము కనుగొనుట కష్టము కాదు. సభలో కూర్చుండువారు కాయలు తెచ్చువారు. దుమ్ము తినువారు వేరు. తొట్టిలో కాయ పోయు మనిషి, క్రింద గింజ చేరదీయు స్త్రీలు, పొట్టు ఎత్తిపోయు కూలివాడు, వీరిలో పెక్కండ్రకు సంఘమున వాటా లేదు. వాటా లేనివారికి వోటు లేదు. వోటు లేనివారి దగ్గు తీర్మానముల పుస్తకమున కెక్కదు.

కావున మా అభిప్రాయమును ముందుగనే చెప్పివేసెదము. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములందు కాయలాడించు యంత్రము గల ప్రతి సంఘమును, వచ్చు పంట కొట్టమునకు చేరకముందే, దుమ్మును గాలినుండి వేరుపరచు తొట్టి నొకదానిని స్వంతముగా చేయించుకొనవలెను. దీనికి పట్నమునుండి యంత్రము తెప్పింప నక్కరలేదు. ఎయిర్ కూలర్లను, ధాన్యపు గాదెలను చేయగల రేకుపనివాడు దీనిని చేయగలడు. కావలసినది కొలత తెలియుట. అంతకంటె ముఖ్యముగా కావలసినది చేయవలెనను బుద్ధి పుట్టుట.

మొదట ఈ దుమ్మన నేమో చూతము. ఇందులో మూడు వస్తువులు కలిసియున్నవి. మొదటిది మన్ను. కాయతో గూడ చేనిమన్ను కొట్టమునకు వచ్చును. ఎఱ్ఱనేలల కాయకు అంటిన మన్నులో పలుగురాతి నలుసులుండును. రెండవది కాయ తొక్కయు గింజపై పొరయు నలిగి యగు నూగు. మూడవది కంటికి కనబడని బూజు గింజలు. మంచి కాయలో ఇది కొద్ది. వానకు తడిసి, కుప్పలో మాగిన కాయలో విస్తారము. ఈ మూటిని ఒక్క ఊపిరిలో పీల్చువానికి సాయంకాలమున గొంతు పట్టును, ఏండ్లు గడచిన కొలది ఆయాసము ముదురును. ఇది ఈ కాలపువారు క్రొత్తగా కనుగొన్న సంగతియు కాదు. ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్దినో రామజ్జీని 1700వ సంవత్సరమున పనివారి రోగములను గూర్చి ప్రకటించిన గ్రంథమున, ధాన్యమును జల్లించువారికిని కొలుచువారికిని ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించెను. మూడువందల యేండ్లకు పైబడి తెలిసిన రోగమును మనమింకను జలుబని పిలుచుచున్నాము.

దుమ్ము అణచుటకు మనవారెరిగిన ఉపాయము ఒకటి కలదు. యంత్రమునకు పోయుటకు ముందు కాయలపై నీళ్ళు చల్లుదురు. దుమ్ము లేవదు, పైగా గింజ విరుగుట తగ్గును, తూకమును కొంచెము పెరుగును. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు పడినట్లు తోచుచున్నది గదా! కాని పడునది మన పంటయే. తడిసిన కాయలో ఆస్పర్జిల్లస్ ఫ్లావస్ అను బూజు పట్టును. అది అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లాండు దేశమున లక్షకు పైగా సీమకోళ్ళు ఒక్క యేడు చచ్చినప్పుడు, ఆ చావులకు మూలము వేరుసెనగ పిండి కలిసిన మేత యని తేలెను. ఆ విచారణవలననే ఈ విషము లోకమునకు తెలిసెను. కాలేయమునకు పుండు తెచ్చు విషములలో ఇది ఘోరమైనది. నేరుగా తినుటకు వచ్చు వేరుసెనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించి అఫ్లాటాక్సిన్ ఉండరాదని ఐరోపా సమాఖ్యవారు నియమించియున్నారు. ఒక మైక్రోగ్రామనగా గ్రామునందు పదిలక్షలవ వంతు. చల్లిన చెంబెడు నీళ్ళు ఎంత దూరము పోవునో దీనినిబట్టి ఊహించుకొనవచ్చును. గింజలో తేమ నూటికి ఎనిమిది పాళ్ళ లోపల ఉంచుటకు కళ్ళములో దినముల తరబడి ఎండించి, చివరకు కొట్టము గుమ్మములో తడుపుట కంటె వింత ఏమున్నది?

అనగా నీళ్ళతో దుమ్మును అణచినచో గింజ చెడును. అణపకున్నచో మనిషి చెడును. ఈ రెండింటి నడుమనున్న దారి గాలిదారి. ఇది మన తాతలకు తెలియనిది కాదు. తూర్పార పట్టునప్పుడు గాలి యేమి చేయుచున్నది? బరువైనదానిని దగ్గర పడవేయును, తేలికైనదానిని దూరముగా కొనిపోవును. పట్టువాడు గాలికి వీపొడ్డి నిలుచును. దుమ్ము వానినుండి ఆవలికి పోవును. యంత్రము వచ్చినప్పుడు మనము గాలిని కొట్టములో బంధించి, మనిషిని దుమ్మునకు ముఖమొడ్డి నిలిపితిమి. ఇందులో యంత్రము తప్పేమియు లేదు.

కొందరు సంఘములవారు, మేము గోడకు ఫ్యాను పెట్టించితిమి గదా యని అందురు. గోడ ఫ్యాను దుమ్మును బయటికి పంపుట నిజమే. కాని యంత్రమునుండి గోడవరకు పోవు దారిలో అది అందరి ముక్కుల ముందునుండియు సాగిపోవును. ఇంతకును పీల్చుగాలికి దూరము పోవు శక్తి లేదు. దీపమును జానెడు దూరమునుండి ఊది ఆర్పగలము. ఎంత బలముగా పీల్చినను అంత దూరమునుండి ఆర్పలేము. పీల్చు గొట్టపు మూతినుండి ఆ మూతి వెడల్పంత దూరము పోవుసరికి గాలి వేగము ఇంచుమించు పదవవంతునకు దిగిపోవును. 6 అంగుళముల గొట్టమైనచో 6 అంగుళముల దూరముననే ఈ గతి పట్టును. అందుచేత దుమ్మును అది పుట్టిన చోటనే, లేవకముందే, పట్టవలెను. 1948 నాటి ఫ్యాక్టరీల శాసనము తన 14వ ప్రకరణమున ఈ మాటనే విధించెను: దుమ్ము పీల్చు సాధనము అవసరమైనచో దానిని దుమ్ము పుట్టు స్థానమునకు సాధ్యమైనంత దగ్గరగా అమర్చవలెనని. కాని ఆ శాసనము సామాన్యముగా పదిమందియైనను పనిచేయు స్థలములకే వర్తించెడిది. నలుగురైదుగురు కూలీలతో నడచు మన కొట్టములు దాని కంట పడలేదు. శాసనము చూడని చోట సంఘమే చూడవలసియుండును.

ఇక తొట్టి సంగతి. రైసుమిల్లులవారు దీనిని సైక్లోను అని పిలుతురు. మేము సుడితొట్టి యందుము. పిండి మరలలో దుమ్ము ఎంతటి అపాయకరమైనదో 1878వ సంవత్సరము మే నెల 2వ తేదీన అమెరికాలోని మినియాపొలిస్ నగరమున వాష్‌బర్న్ మిల్లు ప్రేలి, 18 మంది మరణించినప్పుడు లోకమునకు తెలిసివచ్చెను. ప్రేలినది మందుగుండు కాదు, గాలిలో తేలిన గోధుమపిండి. ఆ తరువాత ఏడేండ్లకు, 1885లో, జాన్ ఫించ్ అను నతడు గాలిని గుండ్రముగా త్రిప్పి దుమ్మును వేరుచేయు తొట్టికి అమెరికాలో పేటెంటు పొందెను. నాటినుండి నేటివరకు దాని రూపము మెరుగుపడినది గాని సూత్రము మారలేదు.

సూత్రమిది. నిలువుగా నిలిపిన గుండ్రని తొట్టి పైభాగమున, గోడను ఒరసికొనుచు, దుమ్ముతో గూడిన గాలి ప్రక్కనుండి వేగముగా ప్రవేశించును. లోపల అది గోడ వెంబడి సుడి తిరుగును. వడిసెలలోని రాయి బయటికి పోవ యత్నించినట్లే గాలిలోని నలుసు గోడవైపునకు తోయబడి, గోడను తాకి, వేగము పోగొట్టుకొని, క్రిందికి జారును. తొట్టి క్రిందిభాగము గరాటువలె సన్నగిల్లుచు పోవును గనుక నలుసులన్నియు ఆ సన్నని మూతిగుండ క్రిందనున్న డ్రమ్ములో పడును. తేలికపడిన గాలి నడిమధ్యన వెనుకకు మరలి, పైనున్న గొట్టముగుండ వెలికి పోవును. చైత్రమాసమున బీడునేలలలో మనము చూచు సుడిగాలి దుమ్మును పైకెత్తునే, ఇది క్రిందికెట్లు దింపునని ఒక రైతు మమ్ము అడిగెను. మంచి ప్రశ్నయే. పొలములోని సుడిగాలికి చుట్టును గోడ లేదు. గోడ ఉన్నచో దానికిని అదే గతి.

కొలతలన్నియు తొట్టి వ్యాసమునుబట్టి యుండును. వ్యాసము 16 అంగుళములని పెట్టుకొన్నచో లెక్క సుళువు. గాలి ప్రవేశించు ద్వారము 8 అంగుళముల ఎత్తు, 4 అంగుళముల వెడల్పు గల నిలువు చదరము. గాలి పోవు నడిమి గొట్టము 8 అంగుళముల వ్యాసము. ఇది తొట్టి మూతనుండి లోపలికి 10 అంగుళములు దిగవలెను, అనగా ద్వారపు అడుగుకంటె 2 అంగుళములు క్రిందికి. ఇట్లు దింపకున్నచో వచ్చిన గాలి సుడి తిరుగకయే అడ్డదారిని పట్టి పోవును. నిలువు గుండ్రని భాగము 32 అంగుళములు, దాని క్రింద గరాటు భాగము 32 అంగుళములు, గరాటు మూతి 4 అంగుళములు. వ్యాసము పెంచి పెద్దది చేయించినచో ఇంకను బాగుగా పనిచేయుననుకొనుట పొరపాటు. గాలి వేగము ఒక్కటే అయినప్పుడు ఇరుకు మలుపున త్రోపు ఎక్కువ, వెడల్పు మలుపున త్రోపు తక్కువ.

రేకు 20 గేజి జి.ఐ. రేకైన చాలును. గుండ్రని భాగమునకు 50¼ అంగుళముల పొడవు, 32 అంగుళముల వెడల్పు గల రేకును కోసి, అతుకునకు ఒక అంగుళము అదనముగా విడువవలెను. గరాటు కోయుటలోనే రేకుపనివారు తికమకపడుదురు గనుక దానిని వివరించెదము. నేలపై ఒక మేకు కొట్టి, 43⅜ అంగుళముల త్రాటితో ఒక వంపుగీతయు, అదే మేకునుండి 10⅞ అంగుళముల త్రాటితో మరియొక వంపుగీతయు గీయవలెను. పెద్ద గీత వెంబడి టేపును వంచి 50¼ అంగుళములు కొలిచి, రెండు కొనలనుండియు మేకువైపునకు తిన్నగా గీతలు లాగినచో నడుమ మిగిలిన ముక్కయే గరాటు. చిన్న గీత వెంబడి కొలత 12½ అంగుళములకు కొంచెము మించి వచ్చినచో కోత సరిగా నున్నట్లు. అతుకునకు ఇచ్చటను ఒక అంగుళము. లోపలివైపున అతుకు అంచు గాని, రివెట్టు తల గాని పొడుచుకొని యుండరాదు; నలుసు దానిని తాకి ఎగిరి మరల గాలిలో కలియును. ద్వారపు రేకు తొట్టి గోడతో సమముగా కలిసిపోవలెనే గాని లోపలికి చొచ్చుకొని రాకూడదు. ద్వారమునకు ముందు రెండు మూడడుగులు గొట్టము తిన్నగా ఉండుట మంచిది.

ద్వారమున గాలి సెకనుకు 50 అడుగుల వేగముతో నడువవలెను. అట్లు నడచుటకు నిమిషమునకు ఇంచుమించు 670 ఘనపుటడుగుల గాలి కావలెను. యంత్రమునుండి తొట్టికి 6 అంగుళముల రేకుగొట్టము వేసి, చివర నిదానముగా 8కి 4 చదరముగా మార్చవలెను. గొట్టములో గాలి ఇంకను కొంచెము వేగముగా పోవును. అది మేలే, పొట్టు నడుమ నిలువదు. ఈ గాలిని లాగు బ్లోయరు 2 హార్స్‌పవరుల మోటారుతో, ఆరేడు అంగుళముల నీటి ఒత్తిడికి ఎదురు నిలువగలదై యుండవలెను. గోడ ఫ్యాను అర అంగుళము ఒత్తిడికే చేతులెత్తివేయును గనుక దానిని తెచ్చి ఇందులో దూర్చు ప్రయత్నము వలదు. బ్లోయరు స్థానము సుడితొట్టికి తరువాత, గాలి వెలికి పోవు వైపున. ముందు పెట్టినచో కాయతో వచ్చిన రాళ్ళు రెక్కలను తాకి విరుచును; నిప్పురవ్వ లేచినచో నూగు అంటుకొనును. ఆ కారణముననే గొట్టములు ప్లాస్టిక్కువి కాక లోహపువి కావలెను, అన్నింటిని తీగతో కలిపి ఎర్తింగు చేయవలెను. ఎండిన దుమ్ము ప్లాస్టిక్కును ఒరసి పోవునప్పుడు విద్యుత్తు పుట్టును.

ఇంత శ్రద్ధతో చేయించిన తొట్టియు ఒక్క లోపమువలన పనికిరానిదగును. అది క్రింది డ్రమ్ము మూతలో సందు. బ్లోయరు లాగుచున్నంతసేపు తొట్టిలోపల గాలి పలుచనై యుండును. మూత అంచున వేలు దూరునంత సందున్నను బయటి గాలి దానిగుండ పైకి ఎగదన్ని, పడబోవు దుమ్మును మరల లేవనెత్తి, నడిమి గొట్టమున పంపివేయును. తొట్టి పనిచేయుటలేదని మొరపెట్టువారి వద్దకు పోయి మేము మొదట చూచునది ఈ మూతనే. 200 లీటర్ల ఇనుప డ్రమ్మునకు పాత సైకిలు ట్యూబును చీల్చి అంచు చుట్టును పరచి, మూతను బిగించినచో సందు పోవును. పలుచని రేకు డబ్బా వలదు. లాగుడునకు అది లోపలికి నలిగిపోవును. డ్రమ్మును మూడింట రెండు వంతులు నిండగనే ఖాళీ చేయవలెను. గరాటు మూతిదాక నిండనిచ్చినచో సుడి దానిని తోడుకొనిపోవును. మూతకు ఒక గాజుబిళ్ళ అతికించుకొన్నచో లోపల ఎంత నిండినదో తెలియును.

పని సరిగా జరుగుచున్నదా లేదా యని తెలిసికొనుటకు చవుకయైన సాధనమొకటి కలదు. తాపీపనివారు మట్టము చూచుటకు వాడు సన్నని లెవలు గొట్టమును U ఆకారముగా ఒక పలకకు కట్టి, సగము వరకు రంగునీళ్ళు పోసి, ఒక కొనను తొట్టికి ముందు గొట్టములోను, రెండవ కొనను తొట్టికి తరువాత గొట్టములోను చిన్న బెజ్జమునకు తగిలింపవలెను. బ్లోయరు నడచునప్పుడు రెండు వైపుల నీటిమట్టములకు తేడా సుమారు నాలుగున్నర అంగుళములుండును. మొదటి దినమున ఎంతయున్నదో పలకపై గీత గీసి యుంచుడు. ఆ తేడా తగ్గినచో గాలి తగ్గినదని అర్థము: గొట్టము పూడియుండును, లేదా బెల్టు జారుచుండును. చదువురాని కూలివాడైనను దీనిని చూచి చెప్పగలడు. ఇట్టి గీతయొకటి గోడపై నుండుట పదిమంది పర్యవేక్షకులు వచ్చిపోవుటకంటె మేలని మా నమ్మకము.

ఈ తొట్టిని మెచ్చుకొన్న నోటితోనే దాని లోటును చెప్పవలసియున్నది. అమ్మువారు దీనిని చెప్పరు. సుడితొట్టి పెద్ద నలుసులను బాగుగా పట్టును. నలుసు సన్నమైన కొలది దాని పట్టు సడలును. పైని కొలతలు గల తొట్టి, 5 మైక్రాన్ల ప్రాంతపు నలుసులలో ఇంచుమించు సగమును విడిచిపెట్టును. అంతకంటె సన్నమైనవానిలో ఎక్కువ భాగము తప్పించుకొనును. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవవంతు. మన తలవెండ్రుక మందము 70 మైక్రాన్ల ప్రాంతము. ఊపిరితిత్తుల అడుగుదాక పోయి నిలుచునవి ఈ సన్నని నలుసులే. డ్రమ్ము నిండుగా దుమ్ము చేరినది గదా, ఇక కొట్టమున భయమేమియు లేదని తలచుట కూడదు. కావున బ్లోయరునుండి వచ్చు గాలిని మరల కొట్టములోనికి విడువక, గొట్టము ద్వారా ఇంటికప్పుకంటె ఎత్తున, కళ్ళమునకును ఇండ్లకును దూరముగా విడువవలెను. అయినను తొట్టికడ నిలుచు మనిషికి మంచి ముఖపు మాస్కు ఉండవలెను. ముక్కునకు తువాలు కట్టుకొనుట మన్ను పెళ్ళలను ఆపును గాని సన్నని దుమ్మును ఆపదు. ఎన్-95 అను మాస్కు 2020లో వచ్చిన కోవిడు పుణ్యమా యని ఊరూర పరిచితమైనది.

ఇచ్చట ఒక హెచ్చరిక. గొట్టము పైకి తీయుటకు కప్పునకు బెజ్జము వేయుదురు. మన కొట్టములు పెక్కింటికి సిమెంటు రేకుల కప్పు గలదు. ఆ పాతరేకులలో రాతినార కలిసియుండును. దానిని డ్రిల్లుతో తొలిచినచో, సెనగ దుమ్మును తప్పించుకొనబోయి అంతకంటె వేయిరెట్లు చెడ్డదానిని లేవనెత్తినవారమగుదుము. రేకు జోలికి పోక గోడగుండ గొట్టము తీయుడు. రాతినార మాట పులివెందుల వారికి చెప్పనక్కరలేదు; బ్రాహ్మణపల్లె వైపున ఆ గనులు సాగిన సంగతి వారెరుగుదురు. 1986లో భారత ప్రభుత్వము రాతినార గనులకు క్రొత్త కవుళ్ళిచ్చుట నిలిపెను. 1995లో సుప్రీము కోర్టు రాతినార పనివారి ఆరోగ్యము వారి జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పెను. ఆ పోగులను పట్టుటకు మన రేకుతొట్టి ఎంతమాత్రము చాలదు. వేముల వైపున ముగ్గురాయి పొడి కొట్టువారికిని, పలుగురాయి పగులగొట్టువారికిని ఇదే మాట. వారికి గుడ్డసంచుల వడపోతయు, నీటి తుంపరయు కావలెను. జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములందు నాపబండలు కోయువారు నీళ్ళు పారించుచు కోయుట సరియైన పద్ధతి. రాతికి నీరు మేలు, కాయకు నీరు చేటు. అందరికి ఒకే మందు పనికిరాదు.

డ్రమ్ములో చేరిన దుమ్మును ఏమి చేయవలెనను ప్రశ్న కూడ వచ్చును. పశువులకు తవుడులో కలిపి పెట్టవచ్చునని కొందరి యూహ. వలదు. బూజు విషము చేరు చోటు అదియే. పాడి పశువు దానిని తిన్నచో పాలలో ఆ విషము రూపు మార్చుకొని దిగును, ఆ పాలు త్రాగువారు మన పిల్లలు. ఎరువు గుంటలో వేసి పైన తడిపేడ కప్పుడు. పొట్టు మాత్రము ఎప్పటివలె బట్టీలకు పంపవచ్చును.

ఇప్పుడు డబ్బు మాట. రేకు, డ్రమ్ము, పనివాని కూలి కలిసినను మోటారు, బ్లోయరుల ఖర్చు కంటె తక్కువయే యగును. మోటారు మన కొట్టములలో బావిలో నీరెండి మూలబడినవి ఎన్ని లేవు? బోరు మోటారులు ఇందుకు పనికిరావు గాని, పైన నడచు పాత మోటారు మంచి స్థితిలో నున్నచో చుట్టించి వాడుకొనవచ్చును. ఆడించిన బస్తాకు కొద్దిపాటి రుసుము చేర్చి ఒకటి రెండు పంటలలో ఈ ఖర్చును రాబట్టుకొనుట సంఘమునకు అసాధ్యము కాదు. నీళ్ళు చల్లని పొడిగింజ అని చెప్పి అమ్ముకొనగలిగిన నాడు కొనువాడు ఎట్లు చూచునో సభ్యులే లెక్క వేసికొందురు గాక. అయినను ఈ లాభపు లెక్కను మేము మొదట చెప్పక చివరకు ఉంచితిమి. ఏలయన, గింజకు ధర రాకపోయినను ఈ తొట్టి కావలసినదే. సంఘము తన యంత్రమునకు నూనె వేయుట లాభమునకే గదా యని ఎవరును ప్రశ్నింపరు. యంత్రమును నడుపు మనిషి ఊపిరికి మాత్రము లాభము చూపుమని అడుగుట మాకు నచ్చిన మాట కాదు.

కూలీలే దీనిని అడుగలేదు గదా యని ఒక సంఘపు అధ్యక్షులు మాతో ననిరి. అడిగినవారికి మరునాడు పని దొరకునో లేదో యని వారికి సందేహము. ఆ సందేహమును తీర్చవలసినవారు అధ్యక్షులే. కావున వచ్చు సర్వసభ్య సమావేశపు కార్యక్రమ పత్రికలో సుడితొట్టి విషయమును చేర్పించుడు. ఆ నాటికి రేకుపనివానిచేత ఖర్చు అంచనా వేయించి యుంచుడు. కొట్టములో గొట్టపు మూతి ఎచ్చట అమర్చవలెనో నిర్ణయించునప్పుడు కాగితముపై గీతలు గీయుటకు ముందు, ఒక బస్తా కాయ ఆడించి, అచ్చట పనిచేయు స్త్రీలను పిలిచి అడుగుడు. దుమ్ము మొదట ఏ వైపునుండి ముఖమునకు కొట్టునో, తొట్టికడనో, జల్లెడ క్రిందనో, పొట్టు పడు చోటనో, వారికి తెలిసినంతగా మరి యెవరికిని తెలియదు.